జ్వరం మూడు రోజులది, జీతం నెలది



వానాకాలం వచ్చిందంటే ఊళ్లోకి జ్వరాలు వస్తాయి. జ్వరాల వెనకాలే ఒక మాట కూడా వస్తుంది: "రేపు డ్యూటీకి రాకపోతే ఈ నెల జీతం సంగతి మరిచిపో." బట్టల షాపులో చీరలు పరిచి చూపించే అమ్మాయి, మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే కుర్రాడు, ఆస్పత్రిలో వార్డులు తుడిచే ఆయమ్మ, అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రంతా మేలుకునే వాచ్‌మన్, వీళ్లలో ఈ మాట పడనివాళ్లు తక్కువ. వెనకటికి మేస్త్రీ ముఖం మీదే అనేవాడు. ఇప్పుడు సూపర్‌వైజరు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు. అది విన్న మనిషి దుప్పటి పక్కకు తోసి, ఓ పారాసెటమాల్ వేసుకుని, ఒళ్లు కాలిపోతుండగానే బస్సెక్కుతాడు.

ఆ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు సొమ్ములు కలగాపులగం అయిపోయాయి. జ్వరం రాకముందు చేసిన పనికి రావాల్సిన జీతం ఒకటి. జ్వరంతో పడుకున్న రోజుల జీతం మరొకటి. మొదటిది అప్పటికే సంపాదించుకున్న డబ్బు, దాన్ని పట్టి ఉంచే హక్కు యజమానికి లేదు. రెండోది ఎవరు ఇవ్వాలన్నది మనిషి ఎక్కడ పనిచేస్తున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకచోట యజమాని ఇవ్వాలి, ఒకచోట కార్మిక బీమా పథకమైన ఈఎస్‌ఐ ఇస్తుంది, ఇంకోచోట ఎవరూ ఇవ్వరు. బెదిరించేవాడికి కావాల్సింది ఈ రెండూ విడదీయకుండా ఉండడమే.

మొదటి సొమ్ముకు పెద్ద చరిత్రే ఉంది. బ్రిటిష్ హయాంలో మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఆలస్యంగా వచ్చినందుకూ, నూలు తెగినందుకూ, నాగా పెట్టినందుకూ జరిమానాలు వేసేవారు. జీతాలు నెలల తరబడి తొక్కిపెట్టేవారు. 1929లో వేసిన రాయల్ కమిషన్, విట్లీ కమిషన్ అని పిలిచేది దాన్నే, 1931లో నివేదిక ఇస్తూ ఈ కోతలకు కళ్లెం వేయమంది. దాని ఫలితంగా 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. జీతంలోంచి ఏయే కారణాలకు కోయవచ్చో ఆ చట్టం ఒక జాబితా రాసిపెట్టింది. జాబితాలో లేని కోత చెల్లదు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి పాత చట్టం స్థానంలో కూర్చుంది. జాబితా పద్ధతి మాత్రం అలాగే ఉంది. పైగా, పాత చట్టం నెలకు 24,000 రూపాయల లోపు జీతగాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత చెరిగిపోయింది.

నెల జీతగాడికి జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా అందాలి. పనిలోంచి తీసేసినా, తనంతట తాను మానేసినా, లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. "మూడు నెలలయ్యాక సెటిల్‌మెంటు చూద్దాంలే" అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

పనికి రాని రోజులకు కోయడం మాత్రం ఆ జాబితాలో ఉంది. ఇది కార్మికులు కూడా ఒప్పుకోవాల్సిన సంగతి. సెలవు ఏదీ మిగలకపోతే రాని రోజు జీతం రాదు. కానీ ఆ కోతకు కొలత ఉంది. ఎన్ని రోజులు రాలేదో అన్ని రోజులకే, అదే దామాషాలో కోయాలి. నెలకు 15,000 రూపాయలు తీసుకునే మనిషిని తీసుకుందాం. ముప్ఫై రోజుల లెక్కన రోజుకు 500. జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే కోత 2,000 రూపాయలు. మిగతా 13,000 ఎప్పటిలాగే 7వ తేదీలోగా ఖాతాలో పడాలి. "ఒక రోజు నాగాకు రెండు రోజుల కోత" అని చాలా షాపుల్లో, కంపెనీల్లో నడిచే ఆనవాయితీ ఉంది. ఆ రెండో రోజు కోత నాగా లెక్కలోకి రాదు, అది జరిమానా అవుతుంది. జరిమానాకు వేరే నిబంధనలు ఉన్నాయి. ఏ తప్పుకు జరిమానా వేస్తారో ప్రభుత్వ అనుమతితో ముందే నోటీసు అంటించి ఉండాలి. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఎంత వేసినా ఆ నెల జీతంలో 3 శాతం మించకూడదు. అంటే 15,000 మీద 450 రూపాయలు. ఆ డబ్బు యజమాని జేబులోకి వెళ్లకూడదు, కార్మికుల మేలు కోసమే ఖర్చు పెట్టాలి. ఇన్ని కారణాల కింద ఎన్ని కోతలు కలిపినా మొత్తం సగం జీతం దాటకూడదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. దాన్ని చూపించి బెదిరించేవాళ్లూ ఉన్నారు. పది మంది, అంతకు మించి కార్మికులు కూడబలుక్కుని, ముందు చెప్పకుండా, సరైన కారణం లేకుండా పని ఎగ్గొడితే ఎనిమిది రోజుల జీతం దాకా అదనంగా కోయవచ్చని చట్టంలో ఉంది. ఉన్నపళంగా చేసే సమ్మెల కోసం పెట్టిన మాట అది. హాస్టల్ మెస్సులో తిన్నది పడక పన్నెండు మందికి ఒకేసారి విరేచనాలైతే అది కూడబలుక్కోవడం కాదు.

ఇక రెండో సొమ్ము, పడుకున్న రోజుల జీతం.

షాపులు, హోటళ్లు, ప్రైవేటు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం ఉంది. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే తనకు అన్వయించుకుంది. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో కూడిన సెలవు ఆ చట్టంలో ఉంది. దానికి తోడు మరో 12 రోజుల క్యాజువల్ లీవు. ఆ సెలవులు మిగిలి ఉంటే జ్వరం వచ్చిన నాలుగు రోజులకూ ఒక్క రూపాయి కోత పడకూడదు. నియామక పత్రంలో "సిక్ లీవు లేదు" అని రాసినా, దాని మీద సంతకం చేసినా చట్టం ఇచ్చిన ఆ పన్నెండు రోజులు పోవు.

అంతకంటే పెద్ద అండ ఈఎస్‌ఐ. దీని వెనక ఒక ఆర్థికవేత్త ఉన్నాడు, బి.పి. అదార్కర్. కార్మికుల ఆరోగ్య బీమా మీద ఆయన ఇచ్చిన 1944 నాటి నివేదిక పునాదిగా 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఈ పథకాన్ని ప్రారంభించారు. అదార్కర్ లెక్క చాలా సూటిగా ఉంటుంది. కార్మికుడి జబ్బు ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడితే ఆయన జబ్బు మనిషిని వదిలించుకోవాలని చూస్తాడు. ఒక్క కార్మికుడి నెత్తిన పడితే అప్పుల పాలవుతాడు. అందరూ నెలనెలా కొంచెం కొంచెం వేసి ఒక నిధి పెడితే, జబ్బు చేసినప్పుడు డబ్బు ఆ నిధిలోంచి వస్తుంది. చిట్టీ పాట లాంటిదే, కాకపోతే ఇక్కడ పాట పాడుకోనక్కర్లేదు, జబ్బు చేసిన వాడిదే వంతు.

పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. ఆ పరిమితి 2017 జనవరి నుంచి ఉన్నది. కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతం మీద కార్మికుడిది 112 రూపాయల 50 పైసలు, యజమానిది 487 రూపాయల 50 పైసలు, కలిపితే నెలకు 600. యజమాని తన వాటాను కార్మికుడి జీతంలోంచి రాబట్టుకోకూడదు.

దీనికి ప్రతిఫలంగా వచ్చేదాన్ని అనారోగ్య భత్యం అంటారు. సగటు రోజు కూలీలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. రోజుకు 500 సంపాదించే వాడికి రోజుకు 350. డెంగీతో పది రోజులు పడుకున్నాడనుకుంటే, మొదటి రెండు రోజులకు భత్యం లేదు, మిగతా ఎనిమిది రోజులకు 2,800 రూపాయలు వస్తాయి. పదిహేను రోజుల్లోపే జబ్బు తిరగబెడితే మళ్లీ ఆ రెండు రోజుల కోత ఉండదు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు నిబంధనల మేరకు 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల దాకా ఇస్తారు. అయితే దానికి రెండేళ్ల సర్వీసు ఉండాలి.

అర్హత లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది, అక్కడే చాలామంది తడబడతారు. ఏడాదిని రెండు ముక్కలు చేశారు. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టిన చందా ఆ తర్వాతి జులై నుంచి డిసెంబరు దాకా వచ్చే జబ్బులకు పనికొస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టింది మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్ దాకా కాపాడుతుంది. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. అంటే ఆగస్టులో జ్వరం వచ్చినవాడికి జులైలో ఎంత కట్టాడన్నది లెక్కలోకి రాదు, అంతకుముందు చలికాలంలో ఎన్ని రోజులు పనిచేశాడన్నది చూస్తారు. కొత్తగా చేరినవాళ్లకు భత్యం మొదలవడానికి తొమ్మిది నెలలు పడుతుంది. వైద్యం, మందులు మాత్రం చేరిన నాటి నుంచే.

డిస్పెన్సరీలో జరిగేది ఇదీ. రోగి ఐపీ నంబరు, అంటే తన బీమా నంబరు, చూపిస్తే చీటీ రాస్తారు. డాక్టరు పరీక్ష చేసి, పనికి వెళ్లలేడనుకుంటే సర్టిఫికెట్ ఇస్తాడు. తగ్గాక పనిలో చేరవచ్చని చివరి సర్టిఫికెట్ ఉంటుంది. వాటిని బ్రాంచి ఆఫీసుకు చేరిస్తే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. మధ్యలో ఒక ఫారం యజమాని దగ్గరకు వెళ్తుంది. ఫలానా రోజుల్లో ఈ మనిషి పనికి రాలేదు, జీతం తీసుకోలేదు అని ఆయన ధ్రువీకరించాలి. ఎందుకంటే జీతం అందిన రోజుకు భత్యం ఇవ్వరు. "రాని రోజులకు జీతం ఇవ్వను" అని ఫోనులో ఉరిమిన యజమానే ఆ మాట కాగితం మీద రాసిస్తే, ఆ కాగితంతో కార్మికుడికి డబ్బు వస్తుంది. సొంతూళ్లో జబ్బుపడి బయటి డాక్టరుకు చూపించుకున్నవాళ్లు ఆ సర్టిఫికెట్ పెట్టుకోవచ్చు. దాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఈఎస్‌ఐ చేతిలో ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, కొన్నిచోట్ల జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత కనిపిస్తుంది, ఈఎస్‌ఐ ఆఫీసుకు మాత్రం ఆ డబ్బు చేరదు. ఈ మోసం కార్మికుడికి జబ్బు చేసిన రోజున గానీ బయటపడదు. కార్మికుడి దగ్గర పట్టుకున్న వాటాను జమ చేయకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం. యజమాని కట్టకపోయిన కారణంగా కార్మికుడికి దక్కాల్సిన భత్యం ఆగితే, దాన్ని ఈఎస్‌ఐయే ఇచ్చి యజమాని నుంచి రాబట్టుకునే అధికారం కూడా చట్టంలో ఉంది. ఎన్ని రోజులకు చందా పడిందో ఉమంగ్ యాప్‌లో, ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఐపీ నంబరుతో చూసుకోవచ్చు.

యజమాని వైపు కూడా చూడాలి. దసరా, సంక్రాంతి గిరాకీలో ఇద్దరు పనివాళ్లున్న షాపులో ఒకరు మంచం పడితే ఆ యజమాని రాత్రి పది దాకా తానే బట్టలు మడతపెట్టుకోవాలి. దొంగ సర్టిఫికెట్లు తెచ్చేవాళ్లూ లేకపోలేదు. అందుకే సర్టిఫికెట్ అడగడం, అనుమానమొస్తే కంపెనీ డాక్టరుకు చూపించుకోమనడం, ఎప్పుడొస్తావని కనుక్కోవడం యజమానికి ఉన్న హక్కులే. జబ్బు అబద్ధమని తేలితే విచారణ జరిపి చర్య తీసుకోవచ్చు. చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టడం మాత్రం ఆ హక్కుల్లో లేదు.

జీతంతో బెదరకపోతే ఆ తర్వాత వచ్చేది ఉద్యోగం బెదిరింపు. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులు ఉన్నాయి.

మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు ఉండేది, జనం నోట బిన్నీ మిల్లు. 1918లో మన దేశపు తొలి కార్మిక సంఘాల్లో ఒకటైన మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఈ మిల్లు కార్మికుల మధ్యే. 1957లో ఆ మిల్లు కార్మికుడొకడు సెలవు మీద ఊరికి వెళ్లి జబ్బుపడ్డాడు. సెలవు అయిపోయింది, మనిషి రాలేదు, కబురూ రాలేదు. తగ్గాక ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. వరుసగా ఎనిమిది పనిదినాలు సెలవు లేకుండా రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టేనని మిల్లు స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఉద్యోగ నిబంధనల్లో, ఉంది, కాబట్టి పనిలోకి తీసుకోం అన్నారు. ఈఎస్‌ఐ మాత్రం ఆ సర్టిఫికెట్‌ను నమ్మి భత్యం ఇచ్చింది. భత్యం తీసుకుంటున్న కార్మికుణ్ణి తీసేయకూడదు, శిక్షించకూడదు అని 1948 చట్టం 73వ సెక్షన్‌లో ఉండేది. అయినా 1963లో సుప్రీంకోర్టు మిల్లు వైపే తీర్పు చెప్పింది. జబ్బు నిజమని ఒక ఆఫీసు ఒప్పుకున్నా, కబురు పంపకపోవడం వల్ల ఆ మనిషి ఉద్యోగం నిలవలేదు.

ముప్ఫై ఏళ్ల తర్వాత గాలి మారింది. 1993లో అలాంటి ఎనిమిది రోజుల నిబంధన కిందే తొలగించిన మరో కార్మికుడి కేసును ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం విన్నది. విచారణ లేకుండా, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉద్యోగం దానంతటదే పోయిందనడం చెల్లదంది. జీవనాధారం తీసేయడమంటే రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును తాకడమేనంది. ఆగిన కాలపు జీతంలో సగం ఇచ్చి ఆ కార్మికుణ్ణి పనిలోకి తీసుకోమంది. 2012లో ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసులో ఇంకో మాట స్పష్టం చేసింది. అనారోగ్యం, ప్రమాదం, ఆస్పత్రిలో చేరడం లాంటి తప్పనిసరి కారణాలతో రాలేకపోతే దాన్ని కావాలని చేసిన గైర్హాజరుగా ముద్ర వేయకూడదు.

వీటిని చూసి జబ్బు చేసిన వాణ్ణి ఎప్పటికీ తీసేయలేరనుకుంటే పొరపాటే. నెలల తరబడి తగ్గని అనారోగ్యం కారణంగా ఉద్యోగం ముగించడానికి కార్మిక చట్టాలు తలుపు తెరిచే ఉంచాయి. అలాంటి తొలగింపును రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) కింద లెక్కించరు, కాబట్టి దానికిచ్చే పరిహారమూ అందదు. మూడు రోజుల జ్వరానికి ఆ తలుపు చూపించేవాడు మాత్రం దబాయిస్తున్నట్టే.

ఇలాంటి గొడవల్లో అక్కరకు వచ్చేది కాగితం. బెదిరింపు ఎప్పుడూ నోటి మాటగా వస్తుంది, సమాధానం రాతలో వెళ్లాలి. అది పెద్ద లాయరు నోటీసు కానక్కర్లేదు. వాట్సాప్‌లో ఆరు ముక్కలు చాలు. ఉదాహరణకు ఇలా:

"మేనేజర్ గారికి నమస్కారం. నాకు ఈ నెల 4వ తేదీ రాత్రి నుంచి జ్వరం. 5న డిస్పెన్సరీలో చూపించుకున్నాను. డాక్టరు గారు 9 దాకా విశ్రాంతి రాశారు. సర్టిఫికెట్ ఫొటో పంపుతున్నాను. 10న డ్యూటీకి వస్తాను, తగ్గకపోతే ఆ రోజే తెలియజేస్తాను. పోయిన నెల జీతం 7లోగా నా ఖాతాలో వేయించగలరు."

ఇందులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. జబ్బు మొదలైన తేదీ ఉంది, ఎవరికి చూపించుకున్నాడో ఉంది, ఎప్పుడొస్తాడో ఉంది. బిన్నీ మిల్లు కార్మికుడు సమయానికి తెలియజేయనివి ఈ మూడే. పోయిన నెల జీతం మాటను చివర్లో విడిగా రాయడం వల్ల మొదట చెప్పిన రెండు సొమ్ములూ కాగితం మీద కూడా విడిపోయాయి. దీనికి జవాబుగా వచ్చిన వాయిస్ మెసేజ్‌ను చెరపకూడదు. ఫోను మారిస్తే దాన్ని కొత్త ఫోనులోకి ఎక్కించుకోవాలి. హాజరు రిజిస్టరు పేజీ, జీతం చీటీ, బ్యాంకు పాస్‌బుక్కు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. "దీని మీద ఓ సంతకం పడేయ్, తర్వాత రాసుకుంటాం" అని తెల్లకాగితం చాపితే, అది రాజీనామాగా మారే ప్రమాదం ఉంది.

అయినా జీతం పడలేదనుకుందాం. అప్పుడు వెళ్లాల్సింది కార్మిక శాఖకు. కింది స్థాయిలో సహాయ కార్మిక అధికారి, పైన అసిస్టెంట్ కమిషనర్, డిప్యూటీ కమిషనర్ ఉంటారు. హైదరాబాద్‌లో ఆ శాఖ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై ముఖ్యమంత్రి అయిన అంజయ్య పేరే ఆ భవనానికి పెట్టారు. వేతనాల కోడ్ కింద క్లెయిము దాఖలు చేయడానికి మూడేళ్ల గడువు ఉంది. పాత చట్టంలో అది పన్నెండు నెలలే. క్లెయిము నిజమని తేలితే బాకీ కట్టించడమే కాదు, దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారించే అధికారికి ఉంది. జీతం ఇచ్చానని రుజువు చేయాల్సిన భారం యజమానిదే, ఇవ్వలేదని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. ఇవ్వాల్సిన దానికంటే తక్కువ ఇస్తే యాభై వేల దాకా జరిమానా. అయిదేళ్లలో అదే తప్పు మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

కాంట్రాక్టు కార్మికులకు ఇంకో సమస్య. "నీ జీతం ఏజెన్సీని అడుగు" అని కంపెనీ అంటుంది, "బిల్లు రాలేదు" అని ఏజెన్సీ అంటుంది. ఆస్పత్రి హౌస్‌కీపింగ్‌లో, సెక్యూరిటీలో ఇది నిత్యం జరిగేదే. కాంట్రాక్టరు చెల్లించకపోతే ఆ సంస్థ యజమానే చెల్లించాలని కోడ్ చెబుతోంది. అందుకే ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయాలి.

డ్యూటీకి రాకపోతే జీతం లేదన్న మాట గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇంకా గట్టిగా తగులుతుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయి, సౌదీ వెళ్లినవాళ్లు, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు జబ్బు చేసినా క్యాంపులోంచి బస్సెక్కడానికి కారణం జీతం భయమే. పైగా పాస్‌పోర్టు తమ చేతిలో లేదన్న భయం కూడా. అక్కడి చట్టాలు మాత్రం జబ్బు సెలవును రోజుల లెక్కతో సహా రాశాయి. యూఏఈలో ప్రొబేషన్ దాటాక ఏడాదికి 90 రోజులు: మొదటి 15 పూర్తి జీతంతో, తర్వాతి 30 సగం జీతంతో, మిగతా 45 జీతం లేకుండా. మూడు పనిదినాల్లోపు యజమానికి తెలియజేసి మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. సౌదీలో 120 రోజులు: మొదటి 30 పూర్తి జీతం, తర్వాతి 60 ముప్పావు జీతం, చివరి 30 జీతం లేనివి. ఆ సెలవు వాడుకోకముందే జబ్బు పేరుతో తీసేయకూడదని కూడా అక్కడి చట్టంలో ఉంది. కువైట్‌లో 15 రోజులు పూర్తి జీతం, ఆపైన పదేసి రోజులు ముప్పావు, సగం, పావు చొప్పున, చివర 30 రోజులు జీతం లేకుండా. అయితే కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మనవాళ్లు ఈ చట్టం కిందికి రారు, వాళ్లకు 2015 నాటి వేరే చట్టం ఉంది. యూఏఈలో జీతాలు బ్యాంకుల ద్వారానే వెళ్లాలన్న విధానం 2009 నుంచి ఉంది. జీతం ఆగితే ఆ సంగతి అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ లెక్కల్లో కనిపిస్తుంది. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇన్ని చట్టాలున్నా వాటి గొడుగు కిందికి రానివాళ్లు మన కళ్ల ముందే ఉన్నారు. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆమెకు ఈఎస్‌ఐ లేదు. ఆమెకు జ్వరమొస్తే నాగా లెక్కపెట్టేది ఆ ఇంటివాళ్లే, కోసేదీ వాళ్లే. బైకు మీద భోజనం మోసుకొచ్చే కుర్రాణ్ణి సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్ అని పిలుస్తుంది, యజమాని, ఉద్యోగి అనే సంబంధానికి బయటే ఉంచుతుంది. అతనికి జ్వరం వచ్చిన రోజున జీతం ఆపే యజమానీ ఉండడు, భత్యం ఇచ్చే నిధీ ఉండదు, ఆర్డర్లు ఉండవంతే. 2023లో రాజస్థాన్ గిగ్ కార్మికుల కోసం దేశంలోనే మొదటి చట్టం చేసింది. దాని దృష్టి కూడా రిజిస్ట్రేషన్, సంక్షేమ నిధి మీదే ఉంది.

ఫిర్యాదు రాసుకోవడం రానివాళ్లకు, ఫీజు పెట్టుకోలేనివాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. ఇవి సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటాయి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇళ్లలో పనిచేసే మహిళ కూడా ఇందులోకి వస్తుంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ ఉచిత ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు జీతం చీటీ, సర్టిఫికెట్, ఆ వాట్సాప్ మెసేజ్ ఉన్న ఫోను వెంట తీసుకెళ్లాలి.